ఎడమ మూల

పనెవెజిస్‌లో జనవరి నెల
నాలుగింటికే చీకటి.
హాలు తలుపు తెరిచినప్పుడల్లా
తడిసిన ఉన్ని కోట్ల వాసన, వెనకే మంచుగాలి.
పంతొమ్మిదేళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చుని
ఎవరు ఎన్ని వేశారో రాస్తున్నాను.

వైదోతస్‌కి ఇరవై ఏళ్లు. మొదటి సీజన్.
పదకొండు నిమిషాలు, రెండు షాట్లు, ఒక అసిస్టు.
వాడి వరసకి నా పెన్సిలు పెద్దగా అరగదు.

కోచ్ వాడికి చెప్పినవి మూడు ముక్కలు:
మూలకి పో.
అక్కడే ఉండు.
ఖాళీ దొరికితే వెయ్యి.
నాలుగోది చెప్పకుండానే తెలిసింది,
బంతిని నేలకి కొట్టకు.

బంతి రోలందస్‌ది.
ముప్పై నాలుగేళ్ల మోకాళ్లు, వాటికి నల్ల పట్టీలు,
చెయ్యి ఎప్పుడో తిరిగినవాడు.
కుర్రాడు మాత్రం గీతకి అంగుళం ఇవతల బూటు ఆనించి
అరచేతులు గుండె ఎత్తున తెరిచి నిలబడతాడు,
వడ్డన తనదాకా రాకుండానే
నెయ్యి గిన్నె వెనక్కి మళ్లడం చూస్తున్న
చివరి విస్తరివాడిలా.
బంతిలో వలపక్షం అంటే ఇదే కాబోలనుకున్నాను.

ఒక రాత్రి పాత కాగితాలు తిరగేస్తుంటే తట్టింది.
వాడు ఆ మూలలో ఉన్నంతసేపూ
వాణ్ని కాసేవాడు రెండడుగులు లోపలికి జరగడానికి జంకుతాడు.
ఆ రెండడుగుల సందులోంచే
రోలందస్ బుట్టదాకా వెళ్తాడు.
పాయింట్లు రోలందస్ గడిలో పడతాయి.
సందుకి గడి లేదు.
కదలకుండా తెరిచిన తలుపుకి
ఏ అంకె వెయ్యను?

పొద్దున ఏడింటికి హాలు జెనోవైతెది,
ఆవిడదీ, ఆవిడ బకెట్‌దీ.
కుడిచేతిని స్వెట్టర్‌లోపల దాచేసి
ఎడమచేత్తో బంతి కొడుతూ వస్తాడు వీడు.
ఎడమచెయ్యి ఇంకా తిరగలేదు.
బంతి పాదానికి తగిలి, కుర్చీల కిందకి దొర్లి,
ఒక్కోసారి సబ్బునీళ్లలో పడుతుంది.
"రెండు పాయింట్లు" అంటుంది ఆవిడ
తుడుపుకర్ర ఆపకుండానే.

మార్చిలో, ఉతెనా జట్టుతో, ఓడిపోతున్న ఆట.
బెంచీమీద రోలందస్, మోకాలిమీద మంచుగడ్డ.
గడియారంలో అయిదు సెకన్లుండగా
బంతి మూలకొచ్చింది.
కాసేవాడు చేతులెత్తి ఎగిరొచ్చాడు.
వీడు వేసినట్టే చేసి వెయ్యలేదు.
అవతలివాడు గాలిలో దాటిపోయాడు.
అప్పుడు కొట్టాడు నేలకి,
ఎడమచేత్తో.
ఒకటి.
రెండు.
నా వెనక ఎవరో గింజలు నమలడం మానేశారు.
బుట్ట కింద ఉతెనా పొడుగాయన చెట్టంత చెయ్యి,
దాని పక్కనుంచి ఎత్తి వదిలిన బంతి
పలక అంచుకి తగిలి
ఫొటోగ్రాఫర్ ఒళ్లో పడింది.

కుర్రాడు బెంచీవైపు చూశాడు.
కోచ్ ముక్కు పక్క గోక్కుని
చేతిలో పలకవైపు తల దించుకున్నాడు.
ఎవరి పేరూ పిలవలేదు.
ఆ పిలవకపోవడం
నా కాగితంలో ఎక్కడా పట్టదు.

షాటు ఒకటి, పడలేదు అని రాశాను.
రూలు అంతే.
తర్వాత, పంతొమ్మిదేళ్లలో ఒక్క గీతా గియ్యని మార్జిన్‌లో
చిన్న చుక్క పెట్టాను.

వచ్చే ఏడు వీడేమవుతాడని అడుగుతారు నన్ను,
అంకెలు రాసేవాణ్ని కదా, తెలుస్తుందని.
నేను జరిగాక రాసేవాణ్ని.
ఇదే మూలలో నిలబడ్డ ఒకడు ఇప్పుడు టైర్లు అమ్ముతున్నాడు,
ఇంకొకడు నార్వేలో చేపలు కోస్తున్నాడు,
ఒకడి పేరు నాకే గుర్తు రావడం లేదు.

ఆ రాత్రి బస్‌స్టాప్‌కి నడుస్తుంటే
దీపం కింద వైదోతస్,
సైకిల్ తాళం తీస్తున్నాడు.
ఎడమచేత్తో.
తాళంచెవి కన్నం తప్పి మంచులో పడింది.
ఏరుకుని, ఊది, మళ్లీ పెట్టాడు. మళ్లీ తప్పింది.
నా బస్సొచ్చింది.
వెనక అద్దంలోంచి చూశాను,
చెయ్యి మార్చలేదు.